లోహతలాలపై అయాన్ పుంజాలు తీర్చే నానో విన్యాసాలు

ప్రస్తావన

ఒక సెంటీమీటరు భుజం గల రాగి ఘనంలో సుమారు 8.5 × 10²² పరమాణువులు ఉంటాయి. వాటిలో ఆరు ముఖాలపైనా బయటి వరుసలో నిలిచేవి ఇంచుమించు కోటికి ఒకటి మాత్రమే. అయినా ఆ లోహం గాలిలోని ఆక్సిజన్‌తో ఎంత త్వరగా కలుస్తుంది, తనపై పడిన కాంతిని ఎలా పరావర్తనం చేస్తుంది, ఒక రసాయన చర్యను ఎంత వేగవంతం చేస్తుంది, మరో లోహపు పొరను తనపై ఎలా నిలుపుకొంటుంది అనే ప్రశ్నలన్నింటికీ జవాబు ప్రధానంగా ఆ కొద్దిపాటి పరమాణువుల అమరికలోనే ఉంది. కనుక ఉపరితలపు ఆకృతిని పరమాణు స్థాయిలో తీర్చగలిగితే, లోహాన్ని మార్చకుండానే దాని నడవడిని మార్చవచ్చు. ఆధునిక ఉపరితల విజ్ఞానం ఈ ఆశయంతోనే ముందుకు సాగుతోంది.

ఈ ఆశయాన్ని సాధించడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది లేఖన మార్గం. ముందుగా నిర్ణయించుకున్న నమూనాను కాంతితోగాని, ఎలక్ట్రాన్లతోగాని, అతిసన్నగా కేంద్రీకరించిన గాలియం అయాన్లతోగాని తలంపై బిందువు తరువాత బిందువుగా చెక్కుకుంటూ పోవడం ఇందులోని పద్ధతి. ఎలాంటి ఆకారాన్నైనా గీయగలగడం దీని బలం. విశాలమైన తలాన్ని నింపడానికి చాలా కాలం పట్టడం దీని బలహీనత. రెండవది స్వయంవ్యవస్థీకరణ మార్గం. ఇందులో విశాలమైన అయాన్ పుంజాన్ని తలమంతటిపైనా ఒకేసారి పడనిస్తారు. ఎక్కడ శిఖరం లేవాలో, ఎక్కడ లోయ ఏర్పడాలో పుంజం నిర్ణయించదు. దెబ్బతిన్న లోహమే తన అంతర్గత నియమాలను అనుసరించి ఒక క్రమానికి వస్తుంది. ఈ వ్యాసం రెండవ మార్గాన్ని వివరిస్తుంది. యాదృచ్ఛికంగా పడే దెబ్బల నుంచి క్రమం పుట్టడానికి కారణం పదార్థంలో ఏకకాలంలో పనిచేసే రెండు విరుద్ధ ప్రవృత్తుల తూకమే. ఆ తూకాన్ని తెలుసుకున్నవారికి విన్యాసంపై అధికారం లభిస్తుంది. ఇదే ఈ వ్యాసం ప్రతిపాదించే విషయం.

నిర్వచనాలు

చర్చకు ముందు కొన్ని పదాల అర్థాన్ని స్థిరపరచుకోవాలి. మీటరులో వంద కోట్లవ వంతు నానోమీటరు. రాగిలో ఇరుగుపొరుగు పరమాణువుల కేంద్రాల మధ్య దూరం 0.256 నానోమీటర్లు కాబట్టి, ఒక నానోమీటరు పొడవులో దాదాపు నాలుగు రాగి పరమాణువులు పక్కపక్కన ఇముడుతాయి. ఒక తలంపై ఎత్తుపల్లాలు నియతమైన ఎడంతో పునరావృతమైతే ఆ అమరికను విన్యాసం అంటాము. ప్రతి విన్యాసానికీ మూడు లక్షణాలను కొలవాలి: ఒక శిఖరం నుంచి పక్క శిఖరానికి ఉన్న దూరమైన తరంగదైర్ఘ్యం, శిఖరానికీ లోయకూ మధ్య గల ఎత్తు, ఆ క్రమం చెదరకుండా నిలిచే దూరమైన క్రమదైర్ఘ్యం. మొదటి రెండూ విన్యాసపు పరిమాణాన్ని తెలిపితే, మూడవది దాని నాణ్యతను తెలుపుతుంది.

ఎలక్ట్రాన్లను పోగొట్టుకోవడం వల్లగాని, అదనంగా పొందడం వల్లగాని విద్యుదావేశం ఏర్పడిన పరమాణువు అయాన్. విద్యుత్ క్షేత్రంతో వేగవంతం చేసి ఒకే దిశలో నడిపించిన అయాన్ల సమూహం అయాన్ పుంజం. ఆ పుంజం ఒక ఘనపదార్థాన్ని తాకినప్పుడు ఉపరితలంలోని పరమాణువులు బంధాలు తెంచుకొని బయటికి ఎగిరిపోవడాన్ని ఉత్క్షేపణం లేదా స్పటరింగ్ అంటారు. తాకిన ఒక్కో అయాన్‌కు సగటున ఎన్ని పరమాణువులు ఎగిరిపోతాయో తెలిపే సంఖ్య ఉత్క్షేపణ ఫలం. ఒక చదరపు సెంటీమీటరు మీద ఒక సెకనులో పడే అయాన్ల సంఖ్యను అభివాహం అనీ, ప్రయోగం ముగిసేలోగా పడిన మొత్తాన్ని మోతాదు అనీ వ్యవహరిస్తారు. తలానికి గీసిన లంబంతో పుంజం చేసే కోణం పతన కోణం. అది సున్నా అయితే లంబ పతనం, తొంభై డిగ్రీలకు దగ్గరైతే పుంజం తలాన్ని ఒరుసుకుంటూ పోయే స్పర్శీయ పతనం.

చారిత్రక భూమిక

ఉత్క్షేపణాన్ని మొదట గుర్తించినవాడు వేల్స్‌కు చెందిన శాస్త్రజ్ఞుడు విలియం రాబర్ట్ గ్రోవ్. 1852లో వాయు విద్యుదుత్సర్గ నాళికలతో ప్రయోగాలు చేస్తూ, రుణధ్రువపు లోహం అరిగి ఎదుటి తలంపై పలుచని పూతగా చేరడాన్ని ఆయన గమనించాడు. ఆ తరువాత చాలాకాలం ఈ దృగ్విషయాన్ని నాళికలను పాడుచేసే దోషంగా, క్రమేణా పూతలు వేయడానికి పనికివచ్చే సాధనంగా మాత్రమే చూశారు. 1962లో ఫ్రాన్సులో నవే, సెలా, షాపెరో అనే పరిశోధకులు 4 వేల ఎలక్ట్రాన్ వోల్టుల అయనీకృత వాయుపుంజాన్ని గాజుపై ఏటవాలుగా పంపి, తలంపై సమాన ఎడంతో తరంగాల వంటి చారలు ఏర్పడడాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూశారు. పతన కోణం పెరిగి స్పర్శీయ పతనానికి చేరేసరికి ఆ చారలు తొంభై డిగ్రీలు తిరగడం కూడా వారు గుర్తించారు. గోదావరి ఇసుకతిన్నెలపై గాలి తీర్చే చారలను చూసినవారికి ఈ రూపం కొత్తగా అనిపించదు. అయితే ఇసుక చారల దిశ గాలి దిశతోనే ముడిపడి ఉంటుంది. లోహాల విషయంలో స్ఫటికపు అంతర్నిర్మాణానికి కూడా ఆ నిర్ణయంలో భాగం ఉంటుందని తరువాతి పరిశోధనలు వెల్లడించాయి.

ఆ పరిశోధనలకు రెండు సాధనాలు తోడ్పడ్డాయి. మొదటిది స్థిరమైన, విశాలమైన పుంజాన్నిచ్చే అయాన్ జనకం. 1960 ప్రాంతంలో నాసాలో హెరాల్డ్ కాఫ్‌మన్ వ్యోమనౌకలను నడపడానికి రూపొందించిన అయాన్ యంత్రమే తరువాత ప్రయోగశాలలలో పుంజ జనకంగా స్థిరపడింది. రెండవది పరమాణువుల ఎత్తుపల్లాలను నేరుగా చూపే స్కానింగ్ టన్నెలింగ్ సూక్ష్మదర్శిని. 1981లో జ్యూరిక్‌లోని ఐబీఎం ప్రయోగశాలలో గెర్డ్ బినిగ్, హైన్రిష్ రోరర్ దీన్ని నిర్మించారు; అందుకు 1986లో నోబెల్ బహుమతిలో భాగం పొందారు. ఒక పరమాణువు మందం గల మెట్టును కూడా వేరుగా చూపగల ఈ సాధనం వల్లనే లోహతలంపై అయాన్లు చేసే పని కంటికి అందింది.

ప్రయోగ విధానం

ప్రయోగానికి మొదటి షరతు శుభ్రత. పీడనం ఒక టార్‌లో పది లక్షలవ వంతు ఉన్నప్పుడు, తాకిన ప్రతి అణువూ అంటుకుంటుందనుకుంటే, శుభ్రమైన లోహతలాన్ని మిగిలిన వాయువు ఒక్క సెకనులోనే ఒక పొరగా కప్పివేస్తుంది. పీడనాన్ని మరో పదివేల రెట్లు తగ్గిస్తే అదే మాలిన్యానికి సుమారు మూడు గంటలు పడుతుంది. అందువల్ల ఈ ప్రయోగాలను అత్యున్నత శూన్యంలోనే చేస్తారు. పుంజం కోసం లోపలికి వదిలేది సాధారణంగా ఆర్గాన్. జడవాయువు కావడం వల్ల అది లోహంతో రసాయనికంగా కలవదు. నిర్దిష్ట స్ఫటికతలం బయటపడేలా కోసి మెరుగుపెట్టిన లోహపు ముక్కను, కావలసిన ఉష్ణోగ్రత వద్ద నిలపగల పీఠంపై అమర్చి, కొన్ని వందల నుంచి కొన్ని వేల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల అయాన్లను దానిపైకి పంపుతారు.

ఇక్కడ ఎదురయ్యే పరిమాణాలను అంకెలలో చూస్తే విషయం స్పష్టమవుతుంది. వెయ్యి ఎలక్ట్రాన్ వోల్టుల ఆర్గాన్ అయాన్ సెకనుకు సుమారు 70 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. చదరపు సెంటీమీటరుకు పది మైక్రోఆంపియర్ల ప్రవాహం అంటే సెకనుకు 6.2 × 10¹³ అయాన్లు. రాగి (001) తలంపై (కుండలీకరణాల్లోని అంకెలు స్ఫటికతలాన్ని గుర్తించే సంకేతం) చదరపు సెంటీమీటరుకు 1.5 × 10¹⁵ పరమాణు స్థానాలున్నాయి కాబట్టి, ఒక్కొక్క స్థానం సగటున 25 సెకన్లకు ఒకసారి దెబ్బ తింటుంది. ఒక్కో దెబ్బకు సుమారు మూడు పరమాణువులు ఎగిరిపోతాయనుకుంటే, ఎనిమిది సెకన్లకు ఒక పరమాణు పొర తొలగిపోతుంది. పది నిమిషాలలో అరిగేది పదమూడు, పద్నాలుగు నానోమీటర్ల మందం మాత్రమే. పని ఇంత నిదానంగా సాగడం వల్లనే విన్యాసపు ఎదుగుదలను కోరిన దశలో ఆపడం సాధ్యమవుతుంది.

మూల సూత్రం: అభిఘాత పరంపర

లోహంలో ప్రవేశించిన అయాన్ ఎదురైన పరమాణువును ఢీకొని తన శక్తిలో కొంత ఇస్తుంది; ఆ పరమాణువు మరొకదాన్ని, అది ఇంకొకదాన్ని ఢీకొంటాయి. ఇలా శాఖోపశాఖలుగా విస్తరించే తాకిడుల సమూహమే అభిఘాత పరంపర. ముఖాముఖి తాకిడిలో బదిలీ అయ్యే శక్తి రెండు ద్రవ్యరాశుల నిష్పత్తిపై ఆధారపడుతుంది. ఆర్గాన్ నుంచి రాగికి గరిష్ఠంగా 95 శాతం శక్తి చేరగలదు. హీలియం అయితే 22 శాతం మాత్రమే ఇవ్వగలదు. లోహాలను చెక్కడానికి ఆర్గాన్‌ను ఎంచుకోవడంలోని ఔచిత్యం దీనివల్ల తెలుస్తుంది. పరంపర ఉపరితలం వరకు చేరి, అక్కడి పరమాణువుకు దాని బంధశక్తిని మించిన శక్తిని బయటి దిశగా ఇస్తే ఆ పరమాణువు ఎగిరిపోతుంది. ఈ బంధశక్తి వెండికి సుమారు 3, రాగికి 3.5, టంగ్‌స్టన్‌కు దాదాపు 9 ఎలక్ట్రాన్ వోల్టులు.

1969లో భౌతికశాస్త్రజ్ఞుడు పేటర్ సిగ్ముండ్ ఈ ప్రక్రియకు గణిత సిద్ధాంతాన్ని నిర్మించాడు. ఒక బిందువు వద్ద జరిగే క్షయం, పరిసరాలలో పడిన అయాన్ల నుంచి ఆ బిందువుకు చేరిన శక్తికి అనుపాతంలో ఉంటుందనేది ఆ సిద్ధాంతపు సారం. అయాన్ తన శక్తిని తాకిన చోటనే వదలదు. ఉపరితలం కింద కొంత లోతున, చుట్టూ వ్యాపించే విధంగా వదులుతుంది. లోయ అడుగున ఉన్న బిందువుకు ఇరుపక్కల వాలులపై పడిన అయాన్ల శక్తికేంద్రాలు దగ్గరగా ఉంటాయి. శిఖరంపై ఉన్న బిందువుకు అవే దూరంగా ఉంటాయి. కనుక లోయ శిఖరం కంటే త్వరగా అరుగుతుంది. యాదృచ్ఛికంగా ఏర్పడిన చిన్న పల్లం కూడా అరిగేకొద్దీ లోతవుతూ పోతుంది. దీన్నే వక్రతాధీన క్షయం అంటారు. ఇది తలాన్ని గరుకుగా మార్చే ప్రవృత్తి.

దీనికి ఎదురుగా తలాన్ని నునుపుచేసే ప్రవృత్తి ఒకటి ఉంది. ఉష్ణశక్తి వల్ల ఉపరితల పరమాణువులు ఒక స్థానం నుంచి మరో స్థానానికి గెంతుతూ, శిఖరాల నుంచి లోయలవైపు చేరి వక్రతను తగ్గిస్తాయి. ఈ ఉపరితల వ్యాపనపు గణితాన్ని 1957లో విలియం మల్లిన్స్ రూపొందించాడు. 1988లో మార్క్ బ్రాడ్లీ, జేమ్స్ హార్పర్ ఈ రెండు ప్రవృత్తులను ఒకే సమీకరణంలో చేర్చారు. చారల తరంగదైర్ఘ్యాన్ని సగానికి తగ్గిస్తే గరుకుచేసే ప్రభావం నాలుగు రెట్లవుతుంది, నునుపుచేసే ప్రభావం పదహారు రెట్లవుతుంది. కాబట్టి మరీ దగ్గరగా ఉండే చారలను వ్యాపనం చెరిపేస్తుంది. మరీ దూరంగా ఉండే చారలు వేగంగా పెరగడానికి క్షయపు బలం చాలదు. ఈ రెండింటికీ నడుమ ఒక తరంగదైర్ఘ్యం మాత్రం అన్నింటికంటే వేగంగా పెరిగి తలమంతటా ఆధిపత్యం వహిస్తుంది. క్రమం పుట్టుకకు కారణం ఈ ఎంపికే. ఏటవాలు పతనంలో మొదట చారలు పుంజానికి అడ్డంగానూ, స్పర్శీయ పతనంలో పుంజం వెంబడిగానూ ఎందుకు ఉంటాయనే ప్రశ్నకు కూడా ఈ సిద్ధాంతం సమాధానమిచ్చింది.

లోహాల విశిష్టత

గాజుకూ అర్ధవాహకాలకూ సరిపోయిన ఈ సిద్ధాంతం లోహాల దగ్గరకు వచ్చేసరికి అసంపూర్ణమవుతుంది. కారణం బంధాల స్వభావం. సిలికాన్ వంటి అర్ధవాహకాలలో బంధాలకు నియతమైన దిశ ఉంటుంది. గది ఉష్ణోగ్రత వద్ద అయాన్లు వాటిని చెదరగొడితే పైపొర మళ్లీ స్ఫటికం కాలేక అస్ఫటికంగా మిగులుతుంది, దానితో స్ఫటిక దిశల ప్రభావం నశిస్తుంది. లోహబంధానికి అలాంటి దిశానియమం లేదు. పరంపర రేపిన కల్లోలం కొద్ది పికోసెకన్లలో చల్లారి, పరమాణువులు తిరిగి జాలకంలో తమ స్థానాలకు చేరుతాయి. అందుచేత ఎన్ని దెబ్బలు తిన్నా లోహతలం స్ఫటికంగానే నిలుస్తుంది. దాని సౌష్ఠవం విన్యాసంలో ప్రతిఫలిస్తుంది.

ప్రతి దెబ్బ తలంపై రెండు రకాల సంచారులను వదులుతుంది. జాలకం నుంచి పెకలి ఉపరితలంపైన ఒంటరిగా తిరిగే పరమాణువును అధిపరమాణువు అంటారు. పరమాణువు లేచిపోయిన ఖాళీని రిక్తస్థానం అంటారు. అధిపరమాణువులు కూడి ఒక పరమాణువు ఎత్తు గల ద్వీపాలవుతాయి. రిక్తస్థానాలు కూడి అంతే లోతు గల గుంటలవుతాయి. వీటి చలనానికి ఎంత సమయం చిక్కుతుందో చూడాలి. పైన చెప్పిన ప్రవాహంలో పది నానోమీటర్ల భుజం గల చదరంపై దాదాపు 16 మిల్లీసెకన్లకు ఒక అయాన్ పడుతుంది. ఒక దెబ్బ కల్లోలం ముగియడానికి పట్టే కాలంతో పోలిస్తే ఈ విరామం వంద కోట్ల రెట్లకు పైగా దీర్ఘమైనది. ఆ విరామంలో తలాన్ని తిరిగి తీర్చేది వ్యాపనమే.

వ్యాపనానికి పగ్గం ఉష్ణోగ్రత. ఒక గెంతుకు అవసరమైన శక్తి 0.45 ఎలక్ట్రాన్ వోల్టులనీ, పరమాణువు సెకనుకు 10¹³ సార్లు కంపిస్తుందనీ తీసుకొని లెక్కిస్తే, 300 కెల్విన్ వద్ద అది సెకనుకు సుమారు 2 లక్షల 75 వేల గెంతులు వేస్తుంది. 200 కెల్విన్ వద్ద అదే పరమాణువు వేయగలిగేవి 45 గెంతులు మాత్రమే. వంద డిగ్రీల తేడాకు చలనం ఆరువేల రెట్లు మారుతుంది. పుంజపు శక్తిలో కొద్దిపాటి మార్పు చేయలేని పనిని ఉష్ణోగ్రతలో మార్పు ఎందుకు చేయగలదో ఈ లెక్క చెబుతుంది.

వ్యాపనంలో మరొక సూక్ష్మం కూడా ఉంది. ఎగువ వేదికపై తిరుగుతున్న పరమాణువు మెట్టు అంచు దాటి కిందికి దిగాలంటే, ఆ అంచు వద్ద దానికి పొరుగు పరమాణువుల ఆసరా తగ్గిపోతుంది. అందువల్ల అదనపు శక్తి కావాలి. 1966లో ఎర్లిక్, ష్వోబెల్ తమ తమ సహచరులతో వేర్వేరుగా ప్రతిపాదించిన ఈ అడ్డంకికి ఎర్లిక్–ష్వోబెల్ అవరోధం అని పేరు. దీని పర్యవసానం గంభీరమైనది. పైనున్న పరమాణువులు దిగివచ్చి గుంటలను పూడ్చలేవు. గుంట అడుగున కొత్త రిక్తస్థానాలు చేరి మరో గుంటకు బీజమవుతాయి. గుంటలో గుంట ఏర్పడుతూ లోతు పెరుగుతుంది. అంటే నునుపుచేయవలసిన వ్యాపనమే, ఈ అవరోధం వల్ల, గరుకుదనాన్ని పెంచే శక్తిగా మారుతుంది. లోహాలపై లంబ పతనంలో కూడా క్రమబద్ధమైన విన్యాసాలు ఏర్పడడానికి ప్రధాన కారణం ఇదే.

విన్యాసాల వర్గీకరణ

ఈ సూత్రాల వెలుగులో లోహ విన్యాసాలను రెండు దృష్టులతో వర్గీకరించవచ్చు. మొదటిది స్ఫటికతలపు సౌష్ఠవాన్ని బట్టి. ముఖకేంద్రిత ఘనజాలకం గల రాగి, వెండి, బంగారం, ప్లాటినం వంటి లోహాలలో మూడు తలాలు ముఖ్యమైనవి. (111) తలంలో పరమాణువులు త్రికోణ క్రమంలో ఒత్తుగా అమరి ఉంటాయి. జర్మనీలోని యూలిష్ పరిశోధన కేంద్రంలో 1980ల నుంచి ప్లాటినం (111) తలంపై జరిగిన అధ్యయనాలలో ఈ సౌష్ఠవానికి అనుగుణమైన షడ్భుజాకార గుంటలు కనిపించాయి. (001) తలంలో అమరిక చతురస్రం. లంబ పతనంలో వెండి (001)పై చతురస్రాకార గుంటలు ఏర్పడతాయి. (110) తలంలో పరమాణువులు సమాంతర వరుసలుగా నిలిచి, వరుసల మధ్య లోతైన కాలువలు వదులుతాయి. కాలువ వెంబడి గెంతడం సులభం, వరుసను దాటడం కష్టం. ఈ అసమదైశికత వల్ల పుంజం నిట్టనిలువుగా పడినా అక్కడ చారలే ఏర్పడతాయి.

ఇటలీలోని జెనోవా విశ్వవిద్యాలయంలో ఉగో వాల్బూసా బృందం 1990ల చివర వెండి (110), రాగి (110) తలాలపై చేసిన ప్రయోగాలు ఈ సిద్ధాంతానికి నిర్ణాయకమైన సాక్ష్యం. అయాన్లు, వాటి శక్తి, లంబ పతనం ఏవీ మార్చకుండా ఉష్ణోగ్రతను మాత్రమే పెంచగా, చారల దిశ తొంభై డిగ్రీలు తిరిగింది. తక్కువ ఉష్ణోగ్రతలో కాలువ వెంబడి వ్యాపనం మాత్రమే చురుకుగా ఉంటుంది. ఉష్ణోగ్రత పెరిగితే వరుసలను దాటే వ్యాపనం కూడా మేలుకొని తూకాన్ని మారుస్తుంది. పుంజంలో ఏ దిశాభేదమూ లేకుండా విన్యాసపు దిశ మారిందంటే, ఆ దిశను నిర్ణయించింది స్ఫటికమేనని వేరే చెప్పనక్కరలేదు.

రెండవ వర్గీకరణ ఆధిపత్యం వహించే ప్రక్రియను బట్టి. తక్కువ ఉష్ణోగ్రతలో, ఏటవాలు పతనంలో క్షయానిది పైచేయి. చారల దిశను పుంజపు దిశ శాసిస్తుంది. ఇది క్షయ ప్రధాన స్థితి. మధ్యస్థ ఉష్ణోగ్రతలో స్ఫటిక దిశలు శాసిస్తాయి. ఇది వ్యాపన ప్రధాన స్థితి. మరీ ఎక్కువ ఉష్ణోగ్రతలో పరమాణువులు అన్ని అవరోధాలనూ దాటగలవు కనుక లోహం పొర తరువాత పొరగా అరుగుతూ నునుపుగానే మిగులుతుంది. ఇది సమక్షయ స్థితి. స్పర్శీయ పతనానికి ఈ వర్గీకరణలో ప్రత్యేక స్థానం ఉంది. అక్కడ అయాన్ సమతలమైన వేదికపై పడితే పెద్దగా హాని చేయకుండా జారి పరావర్తనమవుతుంది. తనకు ఎదురుగా నిలిచిన మెట్టు అంచును మాత్రం బలంగా ఢీకొని పరమాణువులను లేపుతుంది. ఫలితంగా పుంజానికి అడ్డంగా ఉన్న అంచులు అరిగి, పుంజం వెంబడి సాగే అంచులు మిగులుతాయి. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయ పరిశోధకులు 2001లో రాగి (001)పై ఈ విధంగా క్రమబద్ధమైన నానో గాళ్లను తీర్చారు.

పై ప్రయోగాలలో వాడిన ఏకస్ఫటికాలు ఖరీదైనవి, సాంకేతిక అవసరాలకు పలుచని బహుస్ఫటిక లోహపు పొరలే ఎక్కువగా దొరుకుతాయి. వీటిలోని రేణువులు వేర్వేరు దిశలలో నిలిచి వేర్వేరు వేగాలతో అరుగుతాయి కాబట్టి క్రమం ఏర్పడదని అనిపించవచ్చు. అయితే కోల్‌కతాలోని సాహా అణుభౌతిక విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2004లో స్పర్శీయ పతనంలో పలు లోహాల పలుచని పొరలపై పుంజం వెంబడి సాగే చారలను సాధించి చూపారు. క్షయ ప్రధాన స్థితిలో పుంజపు దిశ రేణువుల వైవిధ్యాన్ని అధిగమించగలదనడానికి ఇది నిదర్శనం.

ప్రయోజనాలు

మొదటి ప్రయోజనం అయస్కాంతత్వంలో. రాగి (001)పై పెంచిన పలుచని కోబాల్ట్ పొరలో అయస్కాంతీకరణకు అనుకూలమైన దిశలు చతురస్ర సౌష్ఠవాన్ని అనుసరిస్తాయి. జెనోవా బృందం 2003లో ఆ పొరపై స్పర్శీయ పుంజంతో చారలు తీర్చగా, చారలకు సంబంధించిన ఒకే అక్షం ప్రత్యేకత పొందింది. మెట్ల అంచులలోని పరమాణువులకు పొరుగువారు తక్కువ కావడం ఈ ఏకాక్ష అసమదైశికతకు మూలం. క్షయాన్ని ఇంకా కొనసాగించగా పొర తెగి, విడివిడి కోబాల్ట్ నానో తీగలు మిగిలాయి.

రెండవది ఉత్ప్రేరణలో. అణువుల బంధాలను తెంచడంలో సమతలం కంటే మెట్ల అంచులు చురుకైనవి. 2006లో రోడియం (110) తలంపై అయాన్లతో నానో పిరమిడ్లను తీర్చి, ట్రియెస్తేలోని సింక్రోట్రాన్ ఎక్స్ కిరణాలతో పరీక్షించినప్పుడు, సమతలంపై సాధారణంగా విడివడని కార్బన్ మోనాక్సైడ్ అణువు ఆ పిరమిడ్ల మెట్ల వద్ద కార్బన్, ఆక్సిజన్లుగా విడిపోవడం కనిపించింది. ఏ రకపు అంచు ఎంత చురుకైనదో విడదీసి చదవడానికి ఈ విన్యాసాలు తగిన వేదికలు. ఖరీదైన ఉత్ప్రేరక లోహాలను పొదుపుగా వాడదలచినవారికి ఈ జ్ఞానం అమూల్యం.

మూడవది కాంతిశాస్త్రంలో. బంగారం, వెండి నానో నిర్మాణాలలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు నిర్దిష్ట రంగు కాంతికి సామూహికంగా డోలనం చెందుతాయి. దీన్ని ప్లాస్మాన్ అనునాదం అంటారు. గాజుపై పరచిన బంగారు పొరను అయాన్లతో సమాంతర నానో తీగలుగా విడదీస్తే, తీగల వెంబడి ధ్రువితమైన కాంతికీ, అడ్డంగా ధ్రువితమైన కాంతికీ ఆ తలం వేర్వేరుగా స్పందిస్తుంది. ధ్రువణ సాధనాలకూ, స్వల్ప పరిమాణంలో ఉన్న అణువులను కాంతితో గుర్తించే పరికరాలకూ ఇటువంటి తలాలు ఉపకరిస్తాయి. వీటికి తోడు, చారలు తీర్చిన సిలికాన్‌ను అచ్చుగా చేసుకొని దానిపై వెండిని నిక్షేపించి, నానో కణాలను వరుసలుగా నిలిపే పరోక్ష పద్ధతి కూడా వాడుకలోకి వచ్చింది. జర్మనీలోని డ్రెస్డెన్ పరిశోధకులు ఈ పద్ధతిని బాగా పెంపొందించారు.

పరిమితులు, పరిష్కార దిశలు

ఈ మార్గానికి గల పరిమితులను కూడా నిష్పక్షపాతంగా తెలుసుకోవాలి. లోహతలాన్ని తీర్చే వ్యాపనం పుంజాన్ని ఆపిన తరువాత ఆగదు. రాగి, వెండి వంటి లోహాలలో తక్కువ ఉష్ణోగ్రత వద్ద ఏర్పడిన సున్నితమైన రూపాలు వేడెక్కితే క్రమంగా చదునవుతాయి. కనుక విన్యాసం పరిణతి చెందిన వెంటనే నమూనాను చల్లబరచి దాన్ని స్థిరపరచవలసి ఉంటుంది. స్థిరత్వం ముఖ్యమైనచోట వ్యాపనం నిదానంగా సాగే లోహాన్ని ఎంచుకోవాలి. రెండవ పరిమితి క్రమదైర్ఘ్యం. తలంపై వేర్వేరు చోట్ల స్వతంత్రంగా మొదలైన చారలు కలిసే దగ్గర చీలికలూ, తెగిన కొనలూ మిగులుతాయి. కొన్ని తరంగదైర్ఘ్యాల మేరకు చక్కగా ఉన్న క్రమం ఆ పైన సడలుతుంది.

ఈ రెండవ లోపానికి, మొదట చెప్పుకున్న రెండు మార్గాల సమన్వయమే ఒక పరిష్కారం. లేఖన పద్ధతితో కొన్ని సరిహద్దులను మాత్రం దూరదూరంగా చెక్కి, వాటి మధ్య ప్రదేశాన్ని స్వయంవ్యవస్థీకరణకు వదిలితే, సరిహద్దులు చారల స్థానాన్ని అదుపులో ఉంచుతాయి. 2005లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సిలికాన్‌పై ఈ ఉపాయం ఫలించడాన్ని చూపారు. లోహాలకు దీన్ని అన్వయించేటప్పుడు సరిహద్దుల దిశను స్ఫటిక దిశలతో పొందుపరచడం అవసరం. లేకపోతే రెండు శాసనాలు ఒకదానితో ఒకటి పోటీపడతాయి.

ఉపసంహారం

ఇప్పటివరకు చెప్పిన విషయాలను క్రోడీకరిస్తే ఒక ఆచరణ నియమం సిద్ధిస్తుంది. విన్యాసాన్ని కోరేవారు ముందుగా లోహపు ముఖాన్ని ఎంచుకోవాలి, ఎందుకంటే సౌష్ఠవం దానిది. తరువాత ఉష్ణోగ్రతను నిర్ణయించాలి, ఎందుకంటే శాసించేది పుంజమా స్ఫటికమా అన్నది దానిపై ఆధారపడుతుంది. ఆపైన పతన కోణంతో దిశను, అయాన్ శక్తితోనూ అభివాహంతోనూ తరంగదైర్ఘ్యాన్ని, మోతాదుతో ఎత్తును సవరించుకోవాలి. ఈ వరుసలో ఏ మెట్టునూ ఊహకు వదలనక్కరలేదు; వ్యాపన అవరోధాలను కొలిచి, పైన చేసిన వంటి లెక్కలు వేసి, ఫలితాన్ని ముందుగానే అంచనా కట్టవచ్చు.

ఏ అయాన్ ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేరు. కోట్లాది అయాన్లు కలిసి ఏ రూపాన్ని తీరుస్తాయో మాత్రం చెప్పగలం. వ్యక్తిగత యాదృచ్ఛికత నుంచి సామూహిక నియమాన్ని రాబట్టే సాంఖ్యక భౌతికశాస్త్రం, పరమాణువుల అమరికను వివరించే స్ఫటికశాస్త్రం, కొలతలో రాజీపడని ప్రయోగ నైపుణ్యం ఈ రంగంలో కలిసి పనిచేస్తాయి. ఈ మూడింటినీ శ్రద్ధగా అభ్యసించే విద్యార్థికి ఇక్కడ చేయవలసిన పని ఎంతో మిగిలి ఉంది. మిశ్రమలోహాలలో ఒక మూలకం మరొకదాని కంటే ముందుగా ఎగిరిపోయినప్పుడు విన్యాసం ఎలా మారుతుంది, గది ఉష్ణోగ్రత వద్ద చెదరని రూపాలను ఏ లోహాలలో సాధించవచ్చు, క్రమదైర్ఘ్యాన్ని మిల్లీమీటర్ల వరకు ఎలా పొడిగించాలి అనేవి ఆ పనిలో ముందువరుసలో నిలిచే ప్రశ్నలు. నూట డెబ్బై ఏళ్లకు పూర్వం నాళికలను పాడుచేసే దోషంగా కనిపించిన దాన్ని తీర్చిదిద్దే సాధనంగా మార్చింది కొత్త యంత్రాలు మాత్రమే కాదు. దోషానికి కారణాన్ని ఓపికతో వెదకిన అధ్యయనం కూడా. మిగిలిన ప్రశ్నలు కూడా అదే అధ్యయనానికి లొంగుతాయని విశ్వసించడానికి ఈ శాస్త్రపు చరిత్రే తగిన ఆధారం.